ఎడమచేతి పట్లు

కృష్ణ మోసుకొచ్చిన ఒండ్రు మీద పుట్టి పెరిగినవాళ్లకు రాయి అంటే ఏమిటో సరిగ్గా తెలియదు. మా వైపు కుక్కను అదిలించాలన్నా మట్టిగడ్డే విసరాలి. రోడ్డు వెయ్యాలంటే కంకర ఎక్కడి నుంచో లారీల మీద రావాలి. ఎత్తు అంటే కరకట్ట, ఇంకా ఎత్తు అంటే సెల్ టవరు. అలాంటి చోట ఒక ఆడమనిషి రాళ్లెక్కే విద్య పిల్లలకు నేర్పుతానంటే జనం నవ్వడంలో తప్పేమీ లేదు. అందరికన్నా ముందు, ఏళ్ల కిందటే, నవ్వింది మా నాన్నే.

గుడివాడలో డిగ్రీ చదివేటప్పుడు, వారం రోజుల సాహస శిబిరానికి ఎవరు వస్తారని కాలేజీలో అడిగారు. భోజనం ఉచితం అన్న ముక్క ఒక్కటే నా చెవిన పడింది, పేరిచ్చేశాను. రెండో రోజు పొద్దున్నే నన్ను ఒక పెద్ద బండ ముందు నిలబెట్టి, నడుముకు తాడు కట్టి ఎక్కమన్నారు. సగం దాకా వెళ్లాక వేళ్లు పట్టేంత అంచు ఒకటి దొరికింది. ప్రాణమంతా అక్కడే పెట్టి దాన్ని పట్టుకుని వేలాడాను. కింద నుంచి శిక్షకుడు, "అంత గట్టిగా నలిపెయ్యకమ్మా, అదెక్కడికీ పోదు. పడకుండా ఉండేంత పట్టుకో చాలు. బరువు కాళ్ల మీద వెయ్యి," అన్నాడు. వణుక్కుంటూ దిగి, మళ్లీ వెళ్లి వరసలో చివర నిలబడ్డాను. శిబిరం అయ్యేసరికి నా వేళ్ల చివర చర్మం లేచిపోయింది. ఇంటికొచ్చి కంచంలో అన్నం కలుపుతుంటే మంట పుట్టింది, అయినా నాకు ఆ బండే గుర్తొచ్చేది.

తర్వాత వ్యాయామం టీచరునయ్యాను. ఇప్పుడు పని చేస్తున్నది దివిసీమలో, హంసలదీవికి వెళ్లే దారిలో ఒక ఊళ్లో. మా బడి తుఫాను షెల్టరులోనే నడుస్తుంది. పైన తరగతులు, కింద ఉత్త స్తంభాలు. వానలు మొదలయ్యాయంటే ఆటస్థలంలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి, నీళ్లు తీశాక నెల రోజుల పాటు నల్లమట్టి బురద. ఆ మూడు నాలుగు నెలలూ పిల్లలను స్తంభాల మధ్య కూర్చోబెట్టి క్యారమ్స్ ఆడించి ఆడించి నాకు విసుగు పుట్టింది. ఒకరోజు రెండు స్తంభాల మధ్య ఉన్న గోడ వంక చూస్తుంటే ఆలోచన వచ్చింది. దానికి మందపాటి ప్లైవుడ్ బిగించి, పట్లు అమర్చి, కింద వరిగడ్డి కూరిన గోతాలు పరిస్తే పిల్లలు వానాకాలమంతా ఎక్కుతూనే ఉండొచ్చు. హెడ్మాస్టరుగారు తలపట్టుకున్నారు. "మేడం, పిల్లలు గోడలెక్కకుండా చూడ్డానిక్కదండీ మనల్ని వేసింది," అన్నారు. రెండు వారాలు ఆయన గది ముందు నుంచి కదలకపోతే, నా పోరు పడలేక సంతకం పెట్టారు.

గోడ సిద్ధమైంది, పట్లు మాత్రం లేవు. కొండలెక్కేవాళ్లు సాధన చేసే గోడల మీద రంగురంగుల దిమ్మెలు ఉంటాయి చూడండి, అవే పట్లు. బజార్లో ప్లాస్టిక్‌వి దొరుకుతాయి. నేను వాటిని తెప్పించలేదు. బడి దగ్గర డబ్బు లేదని అందరికీ చెప్పాను, నా మనసులో ఇంకో కారణం ఉంది.

మాది పెడన. నాన్న కలంకారీ అచ్చులు చెక్కేవాడు. టేకు చెక్క మీద కాగితం అంటించి, పువ్వులూ తీగలూ నెమళ్లూ ఉలితో తీసేవాడు. వెంట్రుక మందాన గీత నిలబెట్టాలి, దాని పక్క చెక్కంతా తవ్వెయ్యాలి. ఉలి ఒక్కసారి జారితే పది రోజుల పని పొయ్యిలోకి. నాన్న అచ్చుతో అద్దిన దుప్పటి ఎక్కడ కనబడినా, ఆ గీత చూసి నేను గుర్తుపట్టగలను. అలాంటివాడు కిందటేడు కాలవ రేవులో జారి పడ్డాడు. అద్దకం గుడ్డలు జాడించే రేవు, పాచి పట్టి ఉంది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. ఆరు వారాల తర్వాత పిండికట్టు తీసేసరికి వేళ్లు కర్రల్లాగా నిలబడిపోయాయి. బందరులో చూసిన డాక్టరుగారు ఎముక బాగానే అతుక్కుందన్నారు. "వేళ్లే బిగుసుకున్నాయి. రోజూ పట్టుబట్టి వంచాలి, నొప్పి ఉంటుంది, అయినా వంచాలి. ఇప్పుడు బద్ధకిస్తే ఇక అలాగే ఉండిపోతాయండీ," అని గట్టిగా చెప్పి, చేతిలో ఒక రబ్బరు బంతి పెట్టారు.

ఆ బంతిని నాన్న పక్కింటి పిల్లాడికి ఇచ్చేశాడు. చెయ్యి ఎలా ఉందని ఎవరడిగినా బాగానే ఉందనేవాడు. నేను పట్టుకుని చూడబోతే తువ్వాలు కప్పేసేవాడు. అమ్మ ఫోన్ చేసి, "ఉలి ముట్టుకోవడం మానేశారే. పొద్దున లేచి పీట ముందు కూర్చుంటారు, మధ్యాహ్నం దాకా అట్లాగే కూర్చుని లేస్తారు," అని చెప్పింది. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాన్న మాటకారి కాడు, నవ్వించేవాడూ కాడు. ఆయనకున్నదంతా ఆ చేతిలోనే ఉంది. అది పోతే ఇంట్లో మనిషి ఉంటాడు గానీ నాన్న ఉండడని నాకు భయం వేసింది.

కాబట్టి నా ఉపాయం ఇది. పట్లు చెక్కాలంటే పెద్ద ఉలి చాలు, సన్న గీతలతో పని లేదు. పైగా పట్టు అన్నది కంటితో చూసి చెక్కేది కాదు, చేత్తో పట్టుకుని చూసి చెక్కేది. ఒక్కొక్క పట్టుకూ వేళ్లు ఒక్కొక్క రకంగా వంచాలి. డాక్టరుగారు చెప్పిన వ్యాయామం అంతకన్నా ఏముంది? బంతి అంటే నామోషీ గానీ పని అంటే నామోషీ లేదు కదా. నా తెలివికి నేనే మురిసిపోయాను.

శనివారం బడి అవగానే అవనిగడ్డలో బందరు బస్సెక్కి, అక్కడి నుంచి పెడన వెళ్లాను. నాన్న పీట ముందే ఉన్నాడు. నేను కాగితాలు పరిచాను. ప్రతి పట్టునూ నా కుడిచెయ్యి దానిమీద ఎలా కూర్చోవాలో చూపిస్తూ బొమ్మ గీసుకెళ్లాను. ఇంగ్లీషు పేర్లు చెబితే మా పిల్లలకు నోరు తిరగదు, అందుకని నేనే పేర్లు పెట్టుకున్నాను.

"ఇది బకెట్ పట్టు నాన్నా. నీళ్ల బకెట్ అంచు ఎలా పట్టుకుంటాం, నాలుగు వేళ్లూ లోపలికి వెళ్లి వెనక అందుకోవాలి. కొత్తగా ఎక్కేవాళ్లకు ఇదే దిక్కు."

"ఇంతోటి దానికి నేర్చుకునేదేవుంది?"

"ఉంది. దొరికింది కదా అని చెయ్యి వంచి వేలాడకూడదు. మోచెయ్యి చాచి, ఒళ్లు కిందికి వదిలి, ఊపిరి తీసుకోవాలి. ఇదిగో, ఇది అంచు పట్టు. వేలి మొదటి కణుపు మాత్రమే ఆనుతుంది. కణుపులు పైకి లేపి వేళ్లు ముడవాలి, పైన బొటనవేలు వేసి బిగించాలి. పిల్లలకు అప్పుడే నేర్పను, నరం లాగేస్తుంది. వాళ్లకు వేళ్లు కొంచెం సాగదీసే పట్టుకోమంటాను."

నాన్న కాగితం దగ్గరికి లాక్కున్నాడు. పని మీదికి మనసు పోతే ఆయన కింది పెదవి కొంచెం ముందుకు వస్తుంది. అది చూసి నాకు ధైర్యం వచ్చింది.

తర్వాతిది బోడి పట్టు. అంచూ ఉండదు, గుంటా ఉండదు, ఉత్త నున్నటి ఉబ్బు. వేళ్లతో గిల్లుకుంటే జారిపోతాం. అరచెయ్యి మొత్తం పరిచి, మోచెయ్యి కిందికి దించి, ఒళ్లు గోడకు ఆనించి, రాపిడి మీద నిలబడాలి. కాగితం మీద ఎంత గీసినా ఆయనకు అర్థం కాలేదు. చివరికి లేచి వెళ్లి ఆయన బట్టతల మీద అరచెయ్యి పరిచి చూపించాను. అమ్మ వంటింట్లోంచి చూసి, "కొలత తీసుకో, కొలత తీసుకో, నలభయ్యేళ్లకి దానివల్ల ఒక ఉపయోగం కనబడింది," అంది. నాన్న నా చెయ్యి తోసేశాడు గానీ నవ్వాడు. పడిన తర్వాత ఆయన నవ్వడం నేను చూడ్డం అదే మొదలు.

చిటికె పట్టు ఆయనకు చెప్పనక్కర్లేకపోయింది. ఒకవైపు బొటనవేలు, రెండోవైపు నాలుగు వేళ్లు, మధ్యలో చెక్కను నొక్కి పట్టాలి. "అచ్చు పిడి పట్టుకున్నట్టు," అని ఆయనే అన్నాడు. కన్నం పట్టులో రెండు వేళ్లే దూరతాయి, నడిమి వేలూ ఉంగరం వేలూ పెట్టాలి, ఎంత బుద్ధి పుట్టినా ఒక్క వేలు మాత్రమే పెట్టకూడదు. తలుపు పట్టు నిలువుగా ఉంటుంది. బిగిసిన తలుపును అంచు పట్టి లాగినట్టు పక్కకు లాగాలి, ఒళ్లేమో రెండోవైపుకు వాలాలి. మంచం పట్టు అన్నిటికన్నా మొండిది. మంచం కింద చెయ్యి పెట్టి ఎత్తినట్టు అరచెయ్యి పైకి తిప్పి పట్టుకోవాలి. కాళ్లు పైకి తెచ్చుకునే దాకా అది దేనికీ పనికిరాదు, తెచ్చుకున్నాక అంత గట్టి పట్టు ఇంకొకటి లేదు.

"ఒక్కటే షరతు. ప్రతిదీ నీ చేత్తో పట్టుకుని చూడాలి. చెయ్యి సుఖంగా కూర్చుంటేనే పంపించు," అన్నాను.

"ఎన్ని కావాలి?"

"నలభై."

"ఎప్పటికి?"

"నీకు వీలైనప్పుడు."

నాన్న కళ్లద్దాలు తీసి నా వంక అనుమానంగా చూశాడు. "గడువు లేని పని ఎవరికి కావాలమ్మాయ్?" అన్నాడు. అబద్ధం ఆడడం నాకు చేతకాదు. దసరా సెలవులయ్యేలోపు కావాలని గబగబా అనేశాను.

మూడు వారాలకు పది పట్లు సంచిలో వేసి ఇచ్చాడు. సంచి విప్పగానే నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అంత అందమైన పట్లు ఏ దేశంలోనూ ఉండవు. గాజులాగా నునుపు తీశాడు. బకెట్ పట్టు అంచున మొగ్గల వరస కూడా చెక్కాడు, కాస్త మొరటుగానే వచ్చింది. పైగా అన్నిటినీ నాలుగు రోజులు నువ్వుల నూనెలో నానబెట్టాడు. అచ్చుకైతే అదే పద్ధతి, నూనె తాగితేనే చెక్క పగలకుండా ఉంటుంది. సోమవారం వాటిని గోడకు బిగించాను. ఎనిమిదో తరగతి పిల్లలు ఒకరి తర్వాత ఒకరు చెయ్యి వేశారు, ఒకరి తర్వాత ఒకరు గడ్డి గోతాల మీద పడ్డారు. పడ్డ ప్రతివాడూ చెయ్యి వాసన చూసుకుని, "టీచర్, పప్పునూనె," అని నాకు చెప్పడం ఒకటి.

ఫోన్ చేసి గట్టిగానే అడిగాను. "నాన్నా, పట్టుకునేదానికి నూనె ఎవరైనా రాస్తారా?"

"నూనె పట్టించకుండా చెక్క ఇల్లు దాటిద్దా? పగిలితే మాట నాకొచ్చిద్ది."

"పిల్లలు పడుతున్నారు."

"పట్టుకోడం నేర్పు. నేర్పడానిక్కదా నీకు ఉద్యోగం ఇచ్చింది."

అరగంట వాదించుకున్నాం. చివరికి కుంకుడు రసంతో కడిగి, ఎండబెట్టి, ఉప్పు కాగితంతో రుద్ది మొరటు చేసుకున్నాను. ఆ మొగ్గల వరస మాత్రం రుద్దడానికి చెయ్యి రాలేదు. పిల్లలు ఆ పట్టు కోసం పోట్లాడుకునేవాళ్లు. వేలి కింద మొగ్గలు తగులుతుంటే జారదని వాళ్ల వాదన, అది నిజమే కూడా.

రెండో విడత పదిహేను వచ్చాయి. నూనె లేదు, నునుపూ లేదు. నేను గెలిచాననుకుని బిగించడం మొదలుపెట్టాను. చిటికె పట్టు బిగించి చెయ్యి వేస్తే, బొటనవేలికి గుంట ఉండాల్సిన చోట మిగతా వేళ్లకు గాడులు ఉన్నాయి. తిప్పి బిగించాను. ఈసారి బొటనవేలు కుదిరింది గానీ చిటికెన వేలి సన్నగాడి పైకి వచ్చి, చూపుడు వేలిది కిందికి పోయింది. తలుపు పట్టూ అంతే, కన్నం పట్టూ అంతే. అన్నీ నా బొమ్మను అద్దంలో చూసినట్టున్నాయి. ఎడమచెయ్యి వేస్తే మాత్రం ఒక్కొక్కటీ కొలిచి కుట్టిన రవికలాగా సరిపోయింది.

నాకు వెంటనే వెలిగింది. అచ్చు చెక్కేవాడు ఎప్పుడూ బొమ్మను తిరగేసి చెక్కుతాడు. గుడ్డ మీద నెమలి కుడికి చూడాలంటే చెక్క మీద ఎడమకు చూడాలి. నలభయ్యేళ్లు తిరగేసి చెక్కిన మనిషికి నా చెయ్యి కూడా నెమలే అయిపోయింది. స్టాఫ్‌రూములో చెప్పి నవ్వించాను. ఆదివారం ఇంటికి వెళ్లి భోజనాల దగ్గర మళ్లీ చెప్పాను. "గోడను గుడ్డ మీద అద్దుతామనుకున్నావా నాన్నా?" అని ఏడిపించాను.

నాన్న కూడా నవ్వాడు. "అలవాటమ్మా. ఉలి పట్టుకుంటే చెయ్యి దానంతటదే తిరగేసిద్ది," అన్నాడు. అమ్మ మాత్రం నవ్వలేదు, మజ్జిగ తేవడానికి లేచి వెళ్లింది. నేను అప్పుడు ఆ సంగతి పట్టించుకోలేదు.

బడిలో ఆ పట్లు వృథా పోలేదు. అందరికీ బలమైన చెయ్యి ఒకటి ఉంటుంది, రెండోది దాని వెనక దాక్కుంటుంది. ఎడమచేతి పట్లే ఎక్కువుండేసరికి మా పిల్లలు రెండో చేతితో ఎక్కడం నేర్చుకున్నారు. నేను కూడా మరో పదిహేనింటికి అవే కుడిచేతి బొమ్మలు ఇచ్చి వచ్చాను, ఈసారి తిరగెయ్యొద్దని మూడుసార్లు చెప్పి మరీ.

నవంబరులో వాయుగుండం అని బళ్లకు సెలవిచ్చారు. పొద్దున బస్సులు ఇంకా తిరుగుతున్నాయి. ఫోనైనా చెయ్యకుండా బయల్దేరి, మధ్యాహ్నానికి పెడన చేరాను. చినుకులు పడుతున్నాయి, వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల్నుంచి టక్ టక్ మని చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు విని నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. నాన్న పని చేస్తున్నాడు, నా ఉపాయం పారిందని, చప్పుడు కాకుండా తలుపు తోసి చూశాను.

నాన్న కుడి అరచేతికి కొయ్యసుత్తిని గుడ్డపేలికతో చుట్టి చుట్టి కట్టి ఉంది. వేళ్లు దాన్ని పట్టుకోలేదు, పక్కకు చాచి ఉన్నాయి. చెయ్యి మొత్తం భుజం నుంచి ఎత్తి ఉలి మీద వేస్తున్నాడు. నాలుగు దెబ్బలు వేసి, ఉలి పక్కన పెట్టి, చెక్కను ఎడమచేత్తో పట్టుకుని చూశాడు. బొటనవేలు ఎక్కడ ఆనుతోందో చూసి, గోటితో గుర్తు పెట్టుకుని, మళ్లీ ఉలి అందుకున్నాడు. ఎడమచెయ్యి ఎలా చెబితే చెక్క అలా తయారవుతోంది. ఆ పట్లు తిరగబడింది అలవాటు వల్ల కాదు. పట్టుకుని చూడడానికి ఆయనకు ఆ ఒక్క చెయ్యే ఉంది.

ఇప్పుడైతే ఆ క్షణంలో ఏం చెయ్యాలో నాకు తెలుసు. వెనక్కి వచ్చి, చెప్పులు చప్పుడు చేస్తూ మళ్లీ లోపలికి వెళ్లాలి. అప్పుడు మాత్రం ఒళ్లు మండిపోయింది. "ఏంటి నాన్నా ఇది?" అని అరిచాను. మూడు నెలలుగా అబద్ధం ఆడుతున్నావన్నాను, నేను నవ్వుతుంటే నువ్వూ కూర్చుని నవ్వావన్నాను, ఆ చెయ్యి పూర్తిగా కర్రయిపోయాక ఎవరికి చూపిస్తావన్నాను. కుక్కర్ దించి వచ్చిన అమ్మ మీదా పడ్డాను. "నీకు తెలుసు కదమ్మా, పేలిక కట్టేది నువ్వే కదా?"

"కట్టకపోతే పళ్లతో కట్టుకుంటున్నారే," అంది అమ్మ. "నువ్వడిగిన పని నీకియ్యాలని."

నాన్న ఎడమచేత్తో పేలిక విప్పుకుని, ఉలులన్నీ గుడ్డలో చుట్టి గూట్లో పెట్టి, వానలోనే బయటికి వెళ్లిపోయాడు. నేను సాయంత్రం బస్సుకే తిరిగి వచ్చేశాను.

తర్వాత రెండు శనివారాలు ఇంటికి వెళ్లలేదు. కోపం బందరు బస్టాండు చేరేలోపే పోయింది, మిగిలింది సిగ్గు. నా దగ్గర నేల విడవడానికే భయపడే పిల్లలు ఉన్నారు. వాళ్లను నేను ఏనాడూ కసరలేదు. పక్కన నిలబడి, ఇంకొక్క వేలు వెయ్యి, ఇంకొక్క క్షణం ఉండు, అంటూ బతిమాలతాను. చేతకాక ఎవరైనా సాకు చెబితే, ఆ సాకు నమ్మినట్టే ఉండి రేపు మళ్లీ పిలుస్తాను. కన్న తండ్రి దగ్గర ఆ ఓపిక ఏమైందో నాకు అర్థం కాలేదు. ఫోన్ తీసి పెట్టెయ్యడం, తీసి పెట్టెయ్యడం. అమ్మ మాత్రం రోజూ మాట్లాడేది, వాన గురించీ కూర గురించీ చెప్పేది. ఆయన సంగతి నేను అడగలేదు, తనూ చెప్పలేదు.

మూడో శనివారం పిల్లలందరూ వెళ్లిపోయాక గోడ దగ్గర బోల్టులు బిగిస్తున్నాను. ఆటో ఆగిన చప్పుడైంది. తలతిప్పి చూస్తే నాన్న, చంకలో గుడ్డసంచితో బురద దాటుకుంటూ వస్తున్నాడు. రెండు బస్సులు మారి, ఆటో మాట్లాడుకుని, అడుగుతూ అడుగుతూ వచ్చాడు. నేను ఉద్యోగంలో చేరాక మా బడికి ఆయన రావడం అదే మొదటిసారి.

వచ్చి గోడ ముందు నిలబడి, కింద నుంచి పైదాకా చూశాడు. తను చెక్కినవన్నీ ఒక్కొక్కటిగా ఎడమచేత్తో తడిమాడు. పిల్లల చెమటకు అవి నల్లబడి ఉన్నాయి. "బాగా వాడుతున్నారే," అన్నాడు.

"రోజూ వాడతారు నాన్నా. ఆ రోజు నేను అరవకుండా ఉండాల్సింది."

"నీ అరుపు నాకు కొత్తా?" అన్నాడు. సంచిలోంచి ఒకే ఒక్క పట్టు తీసి నా చేతికిచ్చాడు. బకెట్ పట్టు, లోతుగా, నాలుగు వేళ్లకూ విడివిడిగా చోటు తీసి ఉంది. "ఇది కుడిచేతిది. నీ బొమ్మ చూసి చెక్కాను. సరిగ్గా వచ్చిందో లేదో నాకు తెలీదమ్మాయ్. పట్టుకుని చూద్దామంటే ఈ చెయ్యి ముడుచుకోట్లేదు."

ఆ మాట మా నాన్న నోటి నుంచి రావడానికి ఏడాది పట్టింది. ఆ పట్టును ఆయన భుజం ఎత్తున గోడకు పెట్టి బోల్టు బిగించాను. బోల్టు రెండుసార్లు జారి కింద పడింది, రెండుసార్లూ ఆయనే వంగి తీసిచ్చాడు.

"ఎట్లా పట్టుకోవాలో చెప్పు," అన్నాడు. కొత్తగా వచ్చిన పిల్లవాడు అడిగినట్టే అడిగాడు.

"ముందు అరచెయ్యి ఆనించు నాన్నా. వేళ్ల సంగతి తర్వాత."

కుడిచెయ్యి ఎత్తి పట్టు మీద పెట్టాడు. వేళ్లు అంచు దాటి నిటారుగా నిలబడ్డాయి. వాటి మీద నా చెయ్యి పెట్టాను. ఆయన వెనక్కి లాక్కుంటాడనుకున్నాను, లాక్కోలేదు. ఎప్పుడో చిన్నప్పుడు బందరు వీధుల్లో నన్ను నడిపించిన చెయ్యి, ఇంత సన్నగా అయిందని నాకు తెలియదు. చూపుడు వేలితో మొదలుపెట్టి ఒక్కొక్కటే వంచాను. మొదటి కణుపు దగ్గర కొంచెం కదిలింది, రెండో కణుపు దగ్గర ఆగిపోయింది. ఆగిన చోట ఊపిరి పీల్చుకోమని చెప్పి, వదిలేటప్పుడు ఇంకొంచెం నొక్కాను. ఆయన నుదుటి మీద చెమట పట్టింది, కింది పెదవి పళ్ల మధ్య బిగపట్టాడు.

"నొప్పిగా ఉందా నాన్నా?"

"ఉంది. ప్రాణం పోతంది," అన్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, దాచుకోలేదు. "నువ్వు ఆపకు. నొక్కు."